రాజును ఎల్లగొట్టినంక

నిజాం కాలం. నల్లగొండ బస్సులో ఉర్దూ మీడియం చరిత్ర పాఠాన్ని తెలుగులో పైకి చెప్పుకుంటున్నాను. మర్నాడే పరీక్ష. తన ఊరి దొర పరుపుచుట్టను ఒళ్లో పెట్టుకున్న పక్కసీటు ముసలాయన మాటిమాటికీ అడ్డొస్తున్నాడు.

"ఇంగ్లండు రాజునెందుకు ఎల్లగొట్టిన్రయ్యా?"

"పార్లమెంటు సభ మాట ఇనలే. తన మతపోళ్లకే కొలువులిచ్చిండు."

"గద్దె మీద ఎవలు కూసున్నరు?"

"కూతురు, అల్లుడు. గప్పట్నుంచి రాజులు సభ చెప్పినట్టే ఇనాలె."

"సభల ఎవలుంటరు?"

"జమీందార్లు, పెద్ద షావుకార్లు!" విసుక్కున్నాను.

"అంటె దొరలే గద! మరి వెట్టి బందయిందా?"

"కితాబుల లేదు. జర సదువుకోనియ్యి తాతా!"

ఆయన చిట్యాలలో పరుపుచుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయాడు.

కారణాలు, ఫలితాలు అన్నీ రాసి పరీక్ష ప్యాసయ్యాను. ఆయనది ఏ ఊరో కూడా అడగలేదని నా మీద నాకు ఇప్పటికీ విసుగే.