మూడో నంబరు సెల్లు

మాది కొడకండ్ల దగ్గర ఊరు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మహబూబాబాద్‌లో మోటార్లు బాగుచేసే షాపులో పని చేస్తున్నాను. బాపు తెల్లవారకముందే పొలానికి పోయి మోటరు వేస్తాడు. పాత టార్చి వెలుగు చాలక ఒకసారి స్టార్టర్ డబ్బాలో చేత్తో తడిమి షాక్ కొట్టించుకున్నాడు. ఆ తర్వాతే నేను ఆయనకు రెండు లిథియం సెల్లులు పట్టే టార్చి, నాలుగు సెల్లులు, చార్జరు కొనిచ్చాను.

మామూలు సెల్లు ఒకటిన్నర వోల్టు. లిథియం సెల్లు నిండుగా ఉంటే నాలుగు దాటుతుంది. అందుకే టార్చిలో ఏది పడితే అది వేయకూడదు. రెండు సెల్లులు కలిసి పనిచేసే చోట రెండూ ఒకే రకానివి, ఒకే వయసువి, ఒకేసారి చార్జింగ్ అయినవి కావాలి. ఒకటి ముందే ఖాళీ అయితే రెండోది దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. అట్లా చచ్చిన సెల్లును మళ్లీ చార్జింగ్ పెడితే మంటే రావచ్చు. నేను మార్కర్‌తో నంబర్లు వేశాను: ఒకటి-రెండు ఒక జత, మూడు-నాలుగు ఒక జత. పది నియమాలు కాగితం మీద రాసి చార్జరు పైన గోడకు అంటించాను.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం ఇంటికి వచ్చాను. డాబా మీద అవ్వ మిరపకాయలు ఆరబోసింది. వాటి పక్కన గోడ గడియారం సెల్లు ఒకటి, నా లిథియం సెల్లులు మూడు వరుసగా పడుకుని ఉన్నాయి. ఒకటి, రెండు, నాలుగు. మూడు లేదు.

"అవ్వా, గివి ఎండల ఎవలు పెట్టిన్రు?"

"మీ బాపే. లైటు గుడ్డిగ వస్తుందని పెట్టిండు. ఎప్పటసంది పెడ్తలేమా?"

నిజమే. మా ఊళ్లో టార్చి సెల్లు పడుకుంటే ఎండలో పెట్టడం మామూలే. ఇంకో నాలుగు రోజులు వెలుగుతుంది. నేనూ చిన్నప్పుడు పెట్టినవాణ్నే. లిథియం సెల్లుకు ఆ వేడి పడదు.

ఆ మూడింటినీ నీడలోకి మార్చి, మూడో దాని కోసం పొలానికి నడిచాను. బాపు గట్టు మీద కూర్చుని పార కడుక్కుంటున్నాడు.

"ఏందిరా, గిట్ల ఉరికొచ్చినవ్?"

"మూడో నంబరు సెల్లు యాడున్నది బాపూ?"

"జేబుల ఉన్నది. ఎండల పెట్టినా లేస్తలేదు. షాపోనికి సూపిద్దామని పెట్టుకున్న."

అంగీ పైజేబులోంచి తీశాడు. స్టార్టర్ డబ్బా తాళంచెవి, రెండు రూపాయల బిళ్ల, సెల్లు కలిసి వచ్చాయి. సెల్లు తొడుగు పై అంచున చిరిగి లోపలి ఇనుము కనబడుతోంది. తాళంచెవి ఆ ఇనుమునూ సెల్లు పై మొననూ కలిపి ఉంటే ఆయన రొమ్ము మీదే కాలేది. ఒకటో నంబరుతో జత కట్టి వాడాడట. నిండుది ఖాళీదాన్ని లాగుతుందని.

"కాయితం సదవలేదా బాపూ?"

"సదివిన. పది ఉన్నయ్. ఎండల పెట్టొద్దని యాడ రాసినవ్ రా? మూడేండ్లు సదివొచ్చినవ్, గది రాయనీకి చెయ్యి రాలేదా?"

జతలు, చార్జరు, చిరిగిన తొడుగు, జేబులో తాళంచెవి, అన్నీ రాశాను. ఎండ రాయలేదు. ఆయన నలభై ఏండ్లుగా చేస్తున్నది అదొక్కటే.

ఇంటికి వచ్చి మీటరు పెట్టి చూస్తే మూడో సెల్లు ఒక వోల్టు దగ్గర ఉంది. ఇక దాన్ని చార్జింగ్ పెట్టకూడదు. రెండు చివరలకూ టేపు వేసి, మిగతా మూడింటితో సహా ఇసుక నింపిన డబ్బాలో పెట్టి, ఇంటి బయట ఉంచాను. ఎండ తిన్నవాటిని నేను నమ్మను.

మరుసటి ఆదివారం ఒకే సెల్లు పట్టే టార్చి తెచ్చాను. జత తప్పే పని లేదు. వడ్ల గది తలుపు మూసి బాపు వేసి చూశాడు.

"గంత దూరం కొడ్తలేదు."

"స్టార్టర్ డబ్బా సక్కగ కనబడ్తదా?"

"గది కనబడ్తది."

"సాలు."

"పదకొండోది రాయి. కాయితం మీద గాదు, టార్చి మీదనే రాయి."

మార్కర్ తీసి 'ఎండలో పెట్టొద్దు' అని రాశాను. డాబా మీదికి పోతే గడియారం సెల్లు మిరపకాయల్లోనే ఉంది. అవ్వ దాన్ని తీయబోయి నా ముఖం చూసింది.

"గిది మామూలుది అవ్వా. ఉండనీ."