పండు స్థాయిలో మా సారు

సారు చనిపోయారన్న వార్త నాకు ఊరి నుంచి రాలేదు. బత్తాయి రైతుల ఫోరం నుంచి వచ్చింది. నల్లగొండలో ఒక ప్రెస్‌మీట్‌లో కూర్చుని ఉండగా ఫోరం నిర్వాహకుడు మెసేజ్ పెట్టాడు. మీ సైన్సు సారు నిన్న గుండెపోటుతో పోయారట, నిజమో కాదో చెప్పగలరా అని అడిగాడు. బయటికొచ్చి ఊళ్ళో ఇద్దరికి ఫోన్ చేశాను. నిజమే. దహనం కూడా అయిపోయింది. ఫోరంలో అదే చెప్పాను.

ఆయన మాకు ఊరి బడిలో సైన్సు చెప్పారు. ఆకును బల్ల మీద పెట్టి, కనిపించింది రాయమనేవారు. ఎవరైనా 'పచ్చగా అందంగా ఉంది' అని రాస్తే, అందం ఎక్కడుందో వేలు పెట్టి చూపమనేవారు. రిటైరయ్యాక నార్కట్‌పల్లి దాటి లోపలికి ఉండే ఆ ఊళ్ళోనే, ఇంటి వెనక చేన్లో బత్తాయి పెట్టారు. ఫోన్ చేతికొచ్చాక ఫోరంలో చేరారు. ధరల వార్తల కోసం నన్నూ చేర్పించారు.

ఆ ఫోరం సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. అక్కడ ప్రతి సభ్యుడి పేరు పక్కన ఒక స్థాయి ఉంటుంది. చేరగానే విత్తు. ప్రశ్నలు అడగవచ్చు, అంతే. నాలుగు మంచి మాటలు రాసి, ఇతరులు 'మేలు' అనే గుర్తు నొక్కితే మొలక. ఆ గుర్తులు పెరిగేకొద్దీ అంటు, తర్వాత పూత, చివరికి పండు. మందుల మోతాదు చెప్పే అధికారం పండు స్థాయివాళ్ళకే ఉంటుంది. మోతాదు తప్పితే చెట్టు పోతుంది, ఒక్కోసారి మందు కొట్టినవాడూ పోతాడు. అందుకే పండు స్థాయికి ఇంకో షరతు ఉంది. సొంత తోట ఉండాలి, ప్రతి పూతకూ దాని ఫోటో పెట్టాలి. పెట్టకపోతే స్థాయి పోతుంది. స్థాయి పోతే ఆ మనిషి రాసిన మోతాదులన్నీ మూసుకుపోతాయి, ఎవరికీ కనిపించవు. తోట లేని నేను మొలక దగ్గరే ఉన్నాను.

సారు పండు స్థాయిలో చాలా ఏళ్ళున్నారు. పొద్దున్నే చాయ్ తాగి జవాబులు రాసేవారు. వెంటనే మందు చెప్పేవారు కాదు. ముందు ఆకు వెనక వైపు ఫోటో అడిగేవారు, తర్వాత మొదలు దగ్గర మట్టి తీసి చూడమనేవారు. పూత రావాలని కొన్నాళ్ళు చెట్లకు నీళ్ళు ఆపినవాళ్ళు భయపడి ఫోన్ చేస్తే ఒకటే మాట: "చెట్టుకు దూప గానియ్యాలె, పానం పోనియ్యద్దు." మధ్యమధ్యలో తన తోట కబుర్లు. తూర్పు సాలులో పూత ముందొచ్చిందనీ, మూల చెట్టు కాయలకు మంగు మచ్చలు పడ్డాయనీ. ఆయన పెట్టే ఫోటోల్లో మూడో చెట్టు కింద ఎప్పుడూ ఒక ఎర్రకుక్క పడుకుని ఉండేది. దాని మీద జోకులు నడిచేవి. "సారూ, మీ కుక్కకు గూడ పండు లెవెల్ ఇయ్యాలె. డ్యూటీ తప్పుతలేదు" అని ఎవరో రాస్తే, "దానికి మేలు గుర్తులు తక్కువ పడ్డయి" అని సారు జవాబిచ్చారు.

దినాలు కాకముందే ఆయన ఖాతా నుంచి ఈ ఏటి ఫోటో వచ్చింది. చెట్ల నిండా పూత. మూడో చెట్టు కింద కుక్క. 'పూత మంచిగున్నది. తడి తప్పనియ్యకుండ్రి' అని కింద రెండు మాటలు.

అచ్చంపేట దగ్గర చిన్న తోట ఉన్న ఒక అక్క నాకు ఫోన్ చేసింది. ఆమె చెట్ల మొదళ్ళ నుంచి బంక కారుతోంది. సారు చెప్పినట్టు గీకి, మందు పూసే పనిలో ఉంది. సగం చెట్లకే అయింది.

"అన్నా, సారు పోయిండంటిరి. గీ ఫోటో ఎవలు పెట్టిన్రు?"

కనుక్కుంటానన్నాను.

"ఆయన పేరు తీసేస్తరా ఏంది? మిగిలిన చెట్లకు ఎంత గలపాల్నో అండ్లనే ఉన్నది."

నిర్వాహకుణ్ణి అడిగితే విషయం తేలింది. పండు స్థాయివాళ్ళు ఫోటోను ముందే పెట్టి తేదీ ఇచ్చుకోవచ్చు. సారు చలికాలం మొదట్లోనే ఆ పని చేశారు. నాకు అర్థం కానిది ఒకటే. చలికాలం మొదట్లో పూత ఉండదు.

పాత ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టాను. కుక్క ఏ ఫోటోలోనూ కదలలేదు. కుడి చెవి ప్రతిసారీ ఒకే వైపు మడిచి ఉంది. దాని పక్కన రాలిన ఆకులు కూడా అవే.

పండు స్థాయి సభ్యుడు చనిపోతే ఫోరంలో ఒక ఆనవాయితీ ఉంది. దగ్గరలో ఉన్నవారు వెళ్ళి తోట ఫోటో తెచ్చి పెడతారు. అది పెడితే ఆ స్థాయి ఇక ఎప్పటికీ పోదు, ఆయన చెప్పిన మోతాదులు తెరిచే ఉంటాయి. దగ్గరలో ఉన్నది నేనే. వెళ్ళాను.

సారు భార్యను మేము చిన్నప్పటి నుంచీ అమ్మా అనే పిలుస్తాం. వచ్చిన పని చెప్పాను. ఆమె వెనక తలుపు తీసి పక్కకు జరిగింది. బయట చదును చేసిన ఎర్రనేల. మోడు కూడా లేదు.

"బోరెండినంక ఒక్కోటి ఒక్కోటి పోయినయి బిడ్డా. కట్టెలు పొయ్యిల వెట్టిన. కుక్క అంతకుముందే పాయె."

ఎన్నేళ్ళయిందని అడిగితే, చానేండ్లాయె అంది. ఎందుకు దాచారని అడిగాను.

"చెట్లు లేవని చెప్తె ఇగ నన్నెవలు అడుగుతరు అన్నడు. చెప్పుడు ఆపితె చెట్లు నిజంగనే పోతయన్నడు."

ఇంటికొచ్చి ఫోరంలో కనిపించింది రాశాను. తోట లేదు, చాలా ఏళ్ళుగా లేదు అని. ఆయన జవాబులు తప్పని రాయలేదు, ఎందుకంటే తప్పయిన జవాబు ఒక్కటి కూడా నాకు దొరకలేదు. కొందరు నన్ను తిట్టారు. ఒకాయన, చచ్చినోని మీద గూడ రిపోర్టరు వార్త రాసుకుంటున్నడు అన్నాడు. ఆ సాయంత్రానికి స్థాయి పడిపోయింది. ఫోరం లెక్కలో తోట అబద్ధమైతే పూతకో అంటుకో దించరు, మొదటికే తెస్తారు. సారు పేరు పక్కన 'విత్తు' అని కనిపించింది.

ఆయన చెప్పిన మోతాదులన్నీ మూసుకుపోయాయి. అచ్చంపేట అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. మరుసటి రోజు పండు స్థాయిలో ఉన్న ఒక హుజూర్‌నగర్ రైతు తన చెట్టు ఫోటో పెట్టి, బంకకు తాను కలిపిన మోతాదు రాశాడు. 'సారు చెప్పిండు, నా చెట్టు మీద చూసిన' అన్నది కింద మాట. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. ఎవరి తోట ఫోటో వారిది, ఎవరి పేరు వారిది. అక్క మిగిలిన చెట్లకు మందు పూసింది.

ఇదంతా అమ్మకు చెప్పాలని మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం, ఎండ నిటారుగా ఉంది. ఆమె చివరిదాకా వింది. నీళ్ళ చెంబు తీసుకుని, నడువు అంది. ఇద్దరం వెనక నేలలోకి దిగాం.

ఆమె తిన్నగా నడవలేదు. నాలుగు అడుగులు వేసి కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ నాలుగు అడుగులు వేసి జరుగుతోంది. ఒకచోట తల వంచి వెళ్ళింది. ఆ నేల మీద, ఆమె నడిచిన దారిలోనే, చాలా ఏళ్ళు నడిస్తే పడే సన్నటి బాట ఉంది. అదీ అలాగే వంకరలు తిరిగి ఉంది. వంకర తిరిగిన ప్రతిచోటా గుండ్రంగా ఒక్క అడుగూ పడని మట్టి. నేను అడ్డంగా ఒక గుండ్రం వైపు కాలు వేయబోయాను.

"జర చూస్కో బిడ్డా," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "కొమ్మ కంట్ల వడ్తది."

నేను తల వంచాను.