రొయ్యల పెట్టెలో నా సూది

నా కొంప మునగబోతోందని నాకు మొట్టమొదట అనుమానం వచ్చింది మా తోడికోడలు కల్పనక్క ఎడమ భుజం చూసినప్పుడు. మిద్దె మీద దుప్పటి ఆరేస్తూ చెయ్యి పైకెత్తింది. జాకెట్టు చెయ్యి కాస్త జరిగింది. దాని కింద రూపాయి బిళ్లంత గుండ్రటి ప్లాస్టరు.

ఇందులో ఏముందని మీరు అనుకోవచ్చు. మీకు తోడికోడలు లేదేమో. ఉన్నా పక్క పోర్షన్‌లో ఉండదేమో. ఆ ప్లాస్టరు కనబడి మూడు రోజులు తిరక్కుండానే మా ఇంటి పరువు, మా ఆయన పెంచిన రొయ్యలు, నా తెలివి అన్నీ కలిసి ఒకే థర్మాకోల్ పెట్టెలో ఇరుక్కున్నాయి. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను కాబట్టి ఏదీ దాచుకోకుండా చెప్పేస్తాను.

“ఏందక్కా అది?” అన్నాను.

“ఏది, ఇదా? దోమ కుట్టింది మే” అంది, మిద్దె మూల వడియాలు తిప్పుతున్న అత్త వంక ఒక చూపు వేసి.

ఏ దోమైనా కుట్టి, దూదితో తుడిచి, ప్లాస్టరు అంటించి పోతుందా? మా తోటపల్లి గూడూరు దోమలు పెద్దవే కానీ నర్సింగు చదివినవి కావు.

కల్పనక్క గురించి మీకు కొంచెం చెప్పాలి. మా బావగారి భార్య. చాలా మంచిది. నా బాధంతా అదే. చెడ్డదైతే హాయిగా పోట్లాడుకుని ఎవరింట్లో వాళ్లం ఉండేవాళ్లం. ఆమె పెట్టిన ఆవకాయ బూజు పట్టదు. ఆమె పెరట్లో కరివేపాకు చెట్టు ఎక్కి దూకేంత పెరుగుతుంది, నాది మూడేళ్లుగా మూడు రెమ్మల మీదే నిలబడి ఆలోచిస్తోంది. ఆమె బి.ఎస్సీ., నేను బి.కామ్. అన్నానికి ఎసరు ఎంత పెట్టాలన్నా మా అత్త, “కల్పనను అడుగు మే, అది సైన్సు చదివింది” అంటుంది. ఆమె గ్రైండరు కొంటే నేను పదిహేను రోజుల్లో దానికంటే ఒక లీటరు పెద్దది కొన్నాను. ఇప్పుడు అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.

అలాంటి ఆమె భుజం మీద నాకు తెలియని ప్లాస్టరు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం కల్పనక్క కూతురు సిరిని పట్టుకున్నాను. పదకొండేళ్లది. చేతిలో రెండు మురుకులు పెట్టి విచారణ మొదలుపెట్టాను.

“మీ అమ్మ నిన్న నెల్లూరు ఎందుకు పోయింది మే?”

“సూదికి పిన్నీ.”

“ఏం సూది?”

“ఇంకో మురుకు ఇస్తే చెప్తా.”

ఇచ్చాను. దీనికి తల్లి తెలివి వచ్చిందని అందుకు కూడా కుళ్లుకున్నాను.

“ఆడోళ్లకు క్యాన్సరు రాకుండా వేస్తారంట పిన్నీ. మూడుసార్లు వెయ్యాలంట. నాయనమ్మకు చెప్పొద్దనింది.”

నవ్వులు కాసేపు పక్కన పెట్టి ఒక మాట చెప్పుకోనివ్వండి. మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, నేను ఇంటర్ చదివే రోజుల్లో పోయింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, చెప్పుకుంటే ఏమనుకుంటారోనని, చాలా రోజులు నోరు మూసుకుంది. పోయేనాటికి ఆమె కూతురికి ఆరేళ్లు. అప్పటినుంచీ నాకు ఎప్పుడు నడుము నొప్పి వచ్చినా ముందు నా పిల్లల వయసులు లెక్కపెట్టుకుంటాను. హాసినికి తొమ్మిది, లక్కీకి ఆరు.

కాబట్టి ఆ సూది మాట వినగానే నాకు ఆశ పుట్టాలి. పుట్టింది. కానీ దానికంటే ఒక అడుగు ముందు ఇంకోటి పుట్టింది. ఇన్నేళ్లుగా భయపడింది నేనా, సూది ఆమెకా?

పక్క తలుపు తట్టి “అక్కా, యాడ వేయించుకున్నావు, ఏం చెయ్యాలి?” అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే పని. అడిగితే నేను మాధవిని ఎందుకవుతాను? మర్నాడు అత్తతో జాకెట్లు కుట్టడానికి ఇచ్చొస్తానని చెప్పి నెల్లూరు బస్సెక్కాను. లేడీ డాక్టరు ఆస్పత్రి ఏదో సిరి ఇంకో రెండు మురుకులకు చెప్పేసింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. నా పిన్ని కథంతా విన్నది.

“ఇది వంశంలో వచ్చే జబ్బు కాదమ్మా, వైరస్ వల్ల వస్తుంది. టీకా చిన్నప్పుడు వేయిస్తే ఎక్కువ మేలు. నీకు ముప్పై ఒకటి కదా, ఇప్పుడైనా వేయించుకోవచ్చు, కొంత రక్షణ ఉంటుంది. అయితే సూది వేయించుకున్నాం కదా అని పరీక్షలు మానకూడదు. నీ కూతురికి మాత్రం ఇదే సరైన వయసు.”

“ఇప్పుడే వేసెయ్యండి మేడమ్” అని అక్కడే చెయ్యి చాపాను.

బయట కౌంటర్లో అమ్మాయి ఫ్రిజ్ తెరిచి చూసింది. “ఒకటే ఉందక్కా. అది ఒకామె వాళ్ల చెల్లెలి కోసం పక్కన పెట్టించింది. మళ్లీ గురువారం వస్తాయి.”

“ఆ చెల్లెలికి గురువారం వెయ్యి. ఇది నాకియ్యి.”

“కుదరదక్కా. ఆ చెల్లెలికి భయం ఎక్కువంట పాపం. వాళ్లక్క మరీ మరీ చెప్పి పోయింది.”

“అంత భయమున్నదానికి సూదెందుకమ్మా?”

“మీరు గురువారం రాండి” అని ఆ అమ్మాయి ఫ్రిజ్ మూసేసింది.

మెట్లు దిగుతూ ఆ చెల్లెల్ని తిట్టుకున్నాను. ఎవతో ఏమో, పెట్టి పుట్టింది. దానికి సూదులు దాచిపెట్టే అక్కలుంటారు, నాకు దోమ కుట్టిందని చెప్పే అక్క ఉంది. గురువారం దాకా ఆగితే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ గురువారం దాకా కల్పనక్క నాకంటే ఒక సూది ముందుంటుంది. అది నేను భరించలేను. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చేతిలో ఉంది కదా అని పెద్ద మందుల షాపుకు పోయి సొంతంగా కొనేశాను. ధర చెప్పను, మా అత్తకు ఎవరైనా ఇది చదివి వినిపించే ప్రమాదం ఉంది.

షాపాయన సీసా, సిరంజి ఉన్న డబ్బాను చల్లటి జెల్ ప్యాకెట్టుతో పాటు కవర్లో పెట్టాడు. “అమ్మా, ఇది చల్లగా ఉంచాల. అట్టని చెప్పి మరీ...”

“చల్లదనం గురించి నాకు చెప్తుండావా అన్నా? మాది రొయ్యల ఇల్లు!”

ఆయన ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే నేను ఈరోజు ఇది రాసే పని ఉండేది కాదు.

తిరిగి ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ కాన్పు కేసుకు లోపలికి వెళ్లిపోయింది. “రేపు పొద్దున రాండక్కా” అన్నారు. సీసాతో ఇంటికొచ్చాను. ఇప్పుడు దీన్ని ఎక్కడ దాచాలి? ఫ్రిజ్ మా అత్త రాజ్యం. అందులో గుడ్డు ఒకటి తగ్గినా ఆమెకు తెలుస్తుంది. అప్పుడు వెనక వసారాలో వరసగా పేర్చిన థర్మాకోల్ పెట్టెలు కనబడ్డాయి.

రొయ్యల గుంటల మీద బతికే మాకు పుట్టగానే నేర్పే పాఠం ఒకటే. ఐసు తగ్గితే సరుకు పోతుంది. ఐసు ఎక్కువై పోయిన సరుకు నేనెప్పుడూ చూడలేదు. అందుకని పెట్టె అడుగున ఒక వరస ఐసు, మధ్యలో సీసా, పైన ఇంకో వరస ఐసు వేశాను. రాళ్లుప్పు చల్లితే ఐసుకు చలి ఇంకా ఎక్కువవుతుందని మామ చెప్పేవాడు. రెండు గుప్పెళ్లు చల్లాను. అంతటితో ఆగితే ఏం బాగుంటుందని మూడో గుప్పెడు కూడా చల్లి, మూత పెట్టి, కల్పనక్క పోర్షన్ వైపు గర్వంగా ఒక చూపు చూసి లోపలికి పోయాను.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పెట్టె లేదు.

“ఇక్కడ పెట్టె ఉండాలే అత్తా?”

“వాడు గుంటకాడికి తీసకపోయినాడు. బయ్యరు వస్తుండాడంట, శాంపిలు చూసేదానికి. ‘మాధవి ఐసు కూడా వేసి పెట్టింది మా, ఎంత బుద్ధిమంతురాలు’ అని మురిసిపోయినాడు.”

పెళ్లయిన పదకొండేళ్లలో మా ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

నేను చెప్పులేసుకునే లోపలే బండి శబ్దం. మా ఆయన, వెనక బయ్యరు రమణయ్య, మధ్యలో పెట్టె. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. మా వైపు బయ్యర్లకు మందు అనే మాట వింటే చాలు. మందు వాడిన రొయ్య అని పేరు పడిందా, ఆ సరుకు ఎవరూ లారీ ఎక్కించరు. రమణయ్య పెట్టె మూత తీసి, రొయ్యల్ని పక్కకు తోసి, ఐసులోంచి నా సీసానూ సిరంజినీ రెండు వేళ్లతో పైకెత్తాడు.

“ఏంది శీనన్నా ఇది? రొయ్యలకు సూదులేస్తుండారా?”

“నా గుంటలో చుక్క మందు పడలేదన్నా. నా పిలకాయల మీద ఒట్టు!”

“మరి ఇదెట్టొచ్చింది? రొయ్యే పోయి కొనుక్కోనొచ్చిందా?”

మా అత్త గుండెలు బాదుకుంది. “పక్క గుంటోళ్లే పెట్టినార్రా! మన పంట చూసి కళ్లు మండి పెట్టినారు!”

“వాళ్ల పని చెప్తా ఉండు” అని మా ఆయన పంచె పైకి కట్టాడు.

పరాయివాళ్ల అసూయ మీదికి మా ఇంట్లోవాళ్లు యుద్ధానికి బయల్దేరుతున్నారు. అసలు అసూయేమో తువ్వాలు తలకు చుట్టుకుని స్తంభం చాటున నిలబడి ఉంది.

“అది నాది” అన్నాను. దోమ గొంతులా వచ్చింది.

“నీదా? నీకు రొయ్యల సూది ఎందుకే?”

“రొయ్యలది కాదండీ. ఆడోళ్లది.”

రమణయ్య సీసాను గబుక్కున పెట్టెలో పెట్టేసి మూడడుగులు వెనక్కి పోయాడు. అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “ఆడోళ్లదంటే? ఏం జబ్బు మే నీకు?”

తలకు చుట్టిన తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాను. మా పిన్ని ఎందుకు చెప్పలేకపోయిందో ఆ క్షణంలో నాకు బాగా అర్థమైంది.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. కల్పనక్క నేరుగా వచ్చి అందరి ముందూ జాకెట్టు చెయ్యి పైకి జరిపింది.

“జబ్బు కాదత్తా. జబ్బు రాకుండా ముందే వేసుకునే సూది. నేను కూడా వేయించుకున్నా.”

“నాకు కూడా దోమ కుట్టిందనే అంటివే!” అంది అత్త.

“నువ్వు ఇట్టా గుండెలు బాదుకుంటావనే అట్టా చెప్పినా.”

పెట్టెలోంచి సీసా తీసి వంచి చూసింది. లోపల మందు కదల్లేదు. “అయ్యో మాధవీ, ఇది గడ్డ కట్టేసింది. దీన్ని చల్లగా ఉంచాల గానీ గడ్డ కట్టనీకూడదు. కరిగినా ఇంక పనికిరాదు, పారేయాల్సిందే.”

“ఉప్పు కూడా వేసినానక్కా!” అని బావురుమన్నాను.

రమణయ్య పెట్టెలోకి తొంగి చూసి, మనసు తేలికై, “ఏమన్నా అనండి, ప్యాకింగు మాత్రం కంపెనీ లెవెల్లో ఉంది. ఈమెను మా ప్లాంటుకు పంపించు శీనన్నా” అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. “ఇప్పుడెట్టక్కా? గురువారం దాకా లేవంట. ఒకటుంటే దాన్ని ఎవతో వాళ్ల చెల్లెలి కోసం దాచిపెట్టుకోనుంది. ఆ చెల్లెలికి భయమంట! దాని భయం తగలెయ్య, బస్సెక్కిన కాడి నుంచి దిగేదాకా తిట్టినా దాన్ని.”

కల్పనక్క నా వంక అదోలా చూసింది. “ఏమేం తిట్టినావు?”

“అత్త ముందర చెప్పలేను.”

“అయితే అవన్నీ వెనక్కి తీసుకో. ఆ చెల్లెలివి నువ్వే మే.”

రమణయ్య పెట్టె మూత మెల్లిగా మూసేశాడు.

“మీ పిన్ని గురించి చెప్పి నువ్వు ఏడ్చినప్పటి నుంచి నా మనసులో ఉంది. ముందు నేను వేయించుకుని, నొప్పేం లేదని చూసి నీకు చెప్దామనుకున్నా. అత్త లేని సమయం కోసం రెండు రోజులుగా చూస్తుండా. నువ్వు నా మొహం చూస్తే కదా, భుజమే చూస్తివి!”

అంటే నెల్లూరు నుంచి మా ఊరి దాకా బస్సులో నేను కుళ్లి కుళ్లి చచ్చింది నా మీదే. ప్రపంచంలో ఇంత మందిని చూసి అసూయపడ్డాను కానీ, నన్ను చూసి నేనే అసూయపడతానని అనుకోలేదు.

ఆ సాయంత్రమే కల్పనక్క నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది. నా కోసం దాచిన సూది నాకే వేశారు. అత్త కూడా వెంట వచ్చి, “మీ ఇద్దరికేనా? నాకు లేదా?” అని డాక్టరమ్మతో తగువు పడింది. ఆ వయసుకు సూది కాదు, పరీక్ష చేయించుకోవాలంటే మొహం మాడ్చుకుని, చివరికి ఒప్పుకుంది. ఆ జబ్బు వంశంలో రాదని డాక్టరమ్మ చెప్పింది నిజమే. కుళ్లు మాత్రం మా ఇంట్లో వంశంలోనే ఉంది.

మర్నాడు పొద్దున జడలు వేస్తుంటే పిల్లలు నా భుజం మీద ప్లాస్టరు చూశారు. “నాకేదీ?” అని లక్కీ రాగం తీసింది. “ముందు నాకు! నేను పెద్దదాన్ని!” అని హాసిని దాన్ని తోసింది. దువ్వెన చేత్తో పైకెత్తి, గొంతు సవరించుకుని వాళ్లకు చెప్పాను:

“వినండి మే. హాసినికీ సిరక్కకూ వచ్చే వారం సూది. లక్కీకి పెద్దయినాక. భయమేస్తే నోరు మూసుకోనుండొద్దు, నాకు చెప్పండి, నాకు తెలియకపోతే ఇద్దరం పోయి పెద్దమ్మను అడుగుదాం. మీ అమ్మ ఇంక జన్మలో మందును రొయ్యల పెట్టెలో పెట్టదు, మొహం తెలియని చెల్లెళ్లను తిట్టదు, పక్కింటోళ్ల భుజాల వంక చూడదు. ఈ దువ్వెన మీద ఒట్టు. సరే గానీ హాసినీ, బిరీన పోయి సిరక్కను అడిగి రా... సూది వేసినప్పుడు మీ పెద్దమ్మ అసలు అబ్బా అనిందా, లేదా?”