సున్నం పూసిన కాయలు

గున్నమ్మ ఊరికీ, ఆమె కూతురు చిన్నతల్లి అత్తవారి ఊరికీ మధ్య ఒక ఉప్పుటేరు. ఈ గట్టున నిలబడి గట్టిగా పిలిస్తే ఆ గట్టున పలుకుతారు. శ్రీకాకుళం తీరాన కలరా లేచిన పందొమ్మిది వందల అరవై ఎనిమిది వానకాలంలో మాత్రం ఆ పిలుపు తప్ప మరేదీ ఏరు దాటలేదు. గున్నమ్మ ఊళ్లో వాంతులు, బేదులు మొదలయ్యాయని తెలియగానే అవతలివాళ్లు తమ రేవుకు అడ్డంగా పసుపుతాడు లాగి వేపమండలు కట్టారు. అమ్మవారు సోకిన ఊరివాళ్లు ఆ తాడు దాటకూడదు. కట్టించింది ఆ ఊరి పెద్ద కూర్మయ్య. గున్నమ్మకు స్వయానా అన్న, చిన్నతల్లికి మేనమావ, మావగారు కూడా.

గున్నమ్మ నొచ్చుకోలేదు. మొగుడు సముద్రంలో పోయాక ఎండుచేపల గంపతో పాతపట్నం సంత దాకా తిరిగి పెంచిన ఒక్కగానొక్క కూతురది. నెలలు నిండి ఉంది. తాడు అవతల ఉంటే చాలనుకుంది.

తోటికోడలు ఆ జబ్బుతో చనిపోతే ఆమె పక్కబట్టలు గున్నమ్మే ఏటిలో జాడించింది. అందరూ అక్కడే జాడిస్తున్నారు. సముద్రానికి మైల లేదని, ఉప్పునీళ్లు దేన్నయినా చంపేస్తాయని వాళ్ల నమ్మకం. పాటు వేళ, నీరు వెనక్కి తీసేటప్పుడు చూసి జాడిస్తే అంతా సముద్రంలోకి పోతుంది.

సూదులు వేయడానికి వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ నరసింగరావు అది చూశాడు. జబ్బు తరువాత ఏ ఊళ్లో లేస్తుందో ముందే పసిగట్టాలని అతని పట్టుదల. వాన నీరు కలిసి ఉప్పు పలచబడ్డ ఏటిలో ఆ క్రిమి రోజుల తరబడి బతుకుతుందన్నాడు. అది చచ్చేలోగా నీళ్లు దాన్ని ఎక్కడికి చేరుస్తాయన్నదే అతని లెక్క. పీచు తీయని కొబ్బరికాయలకు సున్నం పూయించి, బట్టలు జాడించే చోటే వదిలించాడు. పాటుకు అవి ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి పోయాయి. బాబుగారి పచ్చడి కొబ్బరి గంగపాలైందని గట్టు మీది ఆడవాళ్లు నవ్వారు. గున్నమ్మా నవ్వింది.

పోటు తిరిగింది. అది పున్నమి పోటు. మొగలో తెల్లగా ఒక కాయ తేలింది, వెనక మరొకటి. ఇసుకదిబ్బకు తగిలిన నీరు అవతలి గట్టు వెంబడే వాటిని లోపలికి తోసుకుపోతోంది. అటు చూసిన గున్నమ్మకు నవ్వు ఆగిపోయింది. అక్కడ ఆ ఊరి చెలమలున్నాయి, ఒడ్డు ఇసుకలో తవ్వుకున్న తాగునీటి గుంటలు. పెద్ద పోటుకు ఏరు వాటిలోకి పొర్లుతుంది. చిన్నతల్లి బిందెతో అటే దిగుతోంది.

గున్నమ్మ ఒడ్డునున్న తెప్పను నీళ్లలోకి తోసింది. తాడు దగ్గరికి చేరేసరికి కూర్మయ్య తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒసే గున్నీ, తాడు దాటితే సెల్లెలివని సూడను."

"దాటనన్నా. నీ కోడల్ని ఆ నీళ్లు ముట్టొద్దను."

"మీ ఊరి పీడకి మా నీళ్లేటి సేసినాయే?"

"మనిసికి తాడు కట్టినావు, నీళ్లకేటి కట్టినావు? అవి మా రేవుల వదిలిన కాయలు. సచ్చినదాని బట్టలు నేను జాడించిందీ అక్కడే. నీ సెలమకాడికి వచ్చేసినాయి, సూడు."

కూర్మయ్య తిరిగి చూశాడు. ఒక తెల్లకాయ చెలమ అంచున కాసేపు ఊగి, పొర్లిన నీటితోపాటు లోపలికి జారింది. వెళ్లి కోడలి చంకలోని బిందె లాక్కుని వంచేశాడు. తెడ్డుతోనే చెలమలోకి ఇసుక తోయడం మొదలుపెట్టాడు.

గున్నమ్మ కూతుర్ని ఒక్కటే అడిగింది. "పొద్దున్న తాగినావేటే?"

తాగానన్నట్టు చిన్నతల్లి తలూపింది.

చెలమలన్నీ పూడ్చేశారు. మెరకనున్న నూతి నీళ్లు మోసుకొచ్చి కాచుకున్నారు. నరసింగరావును సూదులు వేయనిచ్చారు కానీ గున్నమ్మను రానివ్వలేదు. కూర్మయ్య మాత్రం కోడల్ని రోజూ పొద్దున్నే రేవులో నిలబెట్టేవాడు. తల్లి ఇవతలి నుంచి చూసి ఇంటికి పోయేది. చెలమ నీళ్లు తాగిన వాళ్లలో ఇద్దరు పోయారని కబురొచ్చింది. ఆ మర్నాడు రేవులో ఎవరూ లేరు. గున్నమ్మ కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. అవతల ఎవరూ పలకలేదు. ఎండ ముదిరినా అక్కడి నుంచి లేవలేదు.

చివరికి కూర్మయ్య తాడు దగ్గరికి వచ్చి అరిచాడు. "మనవరాలు పుట్టినాది. తల్లీ పిల్లా బాగున్నారు. నువ్విప్పుడే రాకు."

పొద్దుటి నుంచి గున్నమ్మ పచ్చి గంగ ముట్టలేదు. ఇంటికి పోయి, పొయ్యి రాజేసి, నీళ్లు కాచుకుని తాగింది.