రంగెక్కని ముక్క

ఆ ల్యాబు గోడకు ఒక పుస్తకం వేలాడుతుంది. పక్కనే తాడు కట్టిన పెన్ను. బాత్రూముకో ఇంకెక్కడికో లేచే ప్రతివాళ్ళూ పోయిన వేళ, వచ్చిన వేళ అందులో రాయాలి. మిగతావాళ్ళవి రోజుకు రెండు వరసలు. కోతలక్కవి ఎనిమిదో తొమ్మిదో. బాత్రూము రెండంతస్తుల పైన. పదకొండేళ్ళు ఆమె కిక్కురుమనకుండా ఆ పుస్తకం నింపింది.

పేరు విని గొప్పలు పోయే మనిషనుకునేరు. మాటకు మహా పొదుపు. ఆస్పత్రి అడుగు అంతస్తులో, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనపు దిమ్మెల్లో బిగించి, మిషను మీద ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళమీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తడం ఆమె ఉద్యోగం. ఆమె కోస్తేనే డాక్టర్లు చూసేది. ఆ కోతల వల్లే ఆ పేరు.

ఆమె పెద్దపేగులో ఏళ్ళ తరబడి వాపు. కడుపు మెలితిప్పిందంటే క్షణం ఆగదు, నెత్తురు కూడా పడుతుంది. అందుకని మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అయినా లేవక తప్పేది కాదు.

"ఏంటక్కా, మళ్ళీ ప్రయాణమా? పైన కాపురం పెట్టేశావా ఏంటి?" అనేవాడు సూపర్‌వైజరు.

"అద్దె లేదుగా సార్, అందుకే" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, మెట్లెక్కేది. రెండో అంతస్తుకు వచ్చేసరికి ఆ నవ్వు మొహం మీద ఉండేది కాదు.

ఏటా కెమెరా గొట్టం వేసి పేగంతా చూపించుకోవాలని వైద్యం చేసే పేగుల డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఎందుకో కూడా విడమరిచాడు. కణాల్లో వాపును, మంటను పిలిచే ప్రొటీన్లుంటాయట. పుండు పడ్డప్పుడు పిలవడం వాటి పని, మానాక ఊరుకోవాలి. కొందరిలో ఊరుకోవు. ఏళ్ళ తరబడి ఆ మంటలో పేగు పొర చెడుతూ, మళ్ళీ పుడుతూ ఉంటుంది. అన్నిసార్లు పుట్టడంలో ఎక్కడో ఒక కణం తప్పు పుడుతుంది. తప్పు పుట్టినదాన్ని ఆపడానికి పి53 అని ఇంకో ప్రొటీను కాపలా ఉంటుంది. ఆ కాపలా కూడా చెడితే, అక్కడినుంచి దారి క్యాన్సరు వైపే.

తెలిసి కూడా రెండేళ్ళు వాయిదా వేసింది. తేదీ వచ్చింది మూడుసార్లు, సెలవు అడిగింది మూడుసార్లు. మూడుసార్లూ సూపర్‌వైజరుది ఒకటే జవాబు: "నువ్వు లేకపోతే కోసేదెవరు?"

నాలుగోసారి కుట్టుమిషను కట్టేసి చెల్లెలు వచ్చింది. "ఊళ్ళోవాళ్ళ పేగులన్నీ కోస్తావ్, నీది చూపించుకోడానికి మాత్రం తీరిక లేదా? నడువక్కా, లేకపోతే మీ సార్ టేబులు మీద కూచుంటా." కూచునే రకమే. అందుకని సెలవు దొరికింది.

పరీక్ష అయిన మరుసటి రోజు, ఆమె పేగులోంచి తీసిన ముక్కల సీసా ల్యాబుకు వచ్చింది. మూతమీద నంబరు తనదే.

"మన ముక్క మనం కోసుకోకూడదక్కా, రూలుంది" అన్నాడు సూపర్‌వైజరు. ఖాళీ కుర్చీల వైపు చూసి, "ఇంకెవరున్నార్లే, కానియ్" అన్నాడు.

కోసింది. పలక మీదికి ఎత్తింది. కాపలా ప్రొటీనును చూపించే రంగు వేసింది. అది చెడి పోగుపడితే కణాలు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎక్కడా తిరగలేదు.

"చూశావా, అద్దంలా ఉంది! అనవసరంగా బెంగపడ్డావ్" అన్నాడు సూపర్‌వైజరు. అరవై పలకలు ముందేసుకున్న ల్యాబు డాక్టరమ్మ కూడా "వాపు మాత్రమే" అని రాసేసింది.

అక్క ఆ పలకను తిరిగి పెట్టెలో పెట్టబోతూ ఆగి, మైక్రోస్కోపు కింద పెట్టుకుంది. రంగు పట్టిందో లేదో తెలియడానికి ప్రతి పలక అంచునా తప్పక రంగు పట్టే ఇంకో ముక్క అతికించడం వాళ్ళ పద్ధతి. దానికి పట్టింది. తన ముక్కలో బాగున్న చోట్ల కూడా అక్కడక్కడా లేత గోధుమ చుక్కలున్నాయి, ఉండాల్సినవే. ఒక మూల మాత్రం చుక్క లేదు, ఉత్త నీలం. కాపలావాడు చెడిపోయి నిలబడ్డం కాదు, అసలు అక్కడ లేనే లేడు. రంగు ముదరలేదంటే మంచిదేననుకోవడం ఆ పనిలో తరచూ జరిగే పొరపాటు.

చేతిలో మంచి మాట రాసిన కాగితం ఉంది. దాన్ని మడిచి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. పడుకోవాలనే ఉంది. చివరికి పలక పట్టుకుని లేచింది. ఆ ఒక్కసారి గోడమీది పుస్తకంలో ఏమీ రాయలేదు.

"అమ్మా, ఇంకొక్కసారి చూస్తారా?"

"నీదేగా? బాగుందమ్మా, రంగు ఎక్కడా ముదరలేదు."

"ముదరకపోవడం కాదమ్మా, ఈ మూల అసలు పట్టనేలేదు. పక్కన పట్టింది."

డాక్టరమ్మ విసుగ్గా వంగింది. వంగిన తల చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఆ కాగితం ఇటివ్వు" అంది మెల్లగా.

మరో ఇద్దరు డాక్టర్లు చూశారు. కణాలు దారి తప్పాయి, ఇంకా లోతుకు దిగలేదు. పెద్దపేగు తీసేశారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే వేరే కథ అయ్యేదన్నారు. ఆ ఏడాదిని ఆమెకు మిగిల్చింది ఆస్పత్రి కాదు, చెల్లెలి మొండితనం, ఆమె సొంత కళ్ళు.

మూణ్ణెల్లకు అక్క పనిలోకి వచ్చింది. పొట్టకు మలం చేరే సంచి ఉంది, దాన్ని ఖాళీ చేయడానికి మెట్లెక్కాలి. పుస్తకం ఇంకా గోడకే ఉంది.

చదివేవాళ్ళను అడుగుతున్నాను. మీరు పనిచేసే చోట గోడమీద అలాంటి పుస్తకం ఉంటే రేపు నలుగురు కలిసి వెళ్ళి తీయించండి. ఒక్కరే వెళ్తే నవ్వుతారు, నలుగురైతే వింటారు. మాటిమాటికీ లేచే మనిషిని ఎగతాళి చేయకండి, వాళ్ళ పని ఓ అరగంట మీరు పట్టండి. మీకే నెత్తురు పడుతుంటే, ఏళ్ళ తరబడి కడుపు మండుతుంటే, వచ్చిన తేదీని వదులుకోకండి. కోసేదెవరని అడిగితే, ఆ సంగతి చూసుకోవలసింది మీరేనని వాళ్ళకే చెప్పండి.