పెంచలయ్య గారి అభ్రకపు కిటికీ

మొన్న మా ఇస్త్రీ పెట్టె చెడిపోతే, బాగుచేసే అతను వసారాలో కూర్చుని దాన్ని విప్పాడు. లోపల తీగ చుట్టిన అభ్రకం రేకు మాడి, పొరలు పొరలుగా లేచి ఉంది. అతను దాన్ని వేళ్లతో చిదిమి వాకిట్లోకి విసిరేశాడు. చిటపటమని ఆ చప్పుడు చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. “అట్టా చిదిమేసినావేందయ్యా?” అన్నాను. “మాడిపోయిందిలే తాతా, ఇంక దేనికి పనికొస్తాది?” అన్నాడు. ఆ రేకును ఎక్కడో ఎవరో కూర్చుని, కళ్లు చిల్లులు పడేలా చూసి విడదీసి ఉంటారని అతనికి తోచలేదు. తోచమనడం కూడా అన్యాయమే. మా మనవడికి వాళ్ల ఆఫీసులో ఉత్తమ ఉద్యోగి అని ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఇచ్చారు. ఇచ్చిన పెద్దమనిషికి వీడి మొహమే తెలియదట, పేరు కూడా కాగితం చూసి చదివాడట. ఆ బిళ్ల చూసినప్పుడల్లా నాకు పెంచలయ్య గారు గుర్తొస్తారు. ఆ వెంటనే నేను చేసిన పనీ గుర్తొస్తుంది.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో గూడూరులో, రైలుకట్ట పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. పన్నెండు మందిమి పనిచేసేవాళ్లం. గనుల నుంచి వచ్చిన అభ్రకం దిమ్మెలను కత్తితో పల్చని పొరలుగా విడదీయడం మా పని. ఊళ్లలో దాన్ని కాకిబంగారం అనేవాళ్లు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బడి గడప తొక్కినవాణ్ణి కాను. పెంచలయ్య గారు కూడా ఒకప్పుడు మాలాగే నేలమీద కూర్చుని కత్తి పట్టినవారే. బట్టలు పెట్టే స్థోమత, బహుమతులిచ్చే స్థోమత ఆయనకు లేవు. కానీ మనిషిని మనిషిగా నిలబెట్టే ఉపాయాలు ఉండేవి. మద్రాసు నుంచి సరుకు చూడటానికి షావుకారు వస్తే, ఆ రేకులు చేసినవాళ్లను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడేవారు. “నన్నడిగితే ఏం తెలుస్తాది? చేసినామె ఈమె. ఈమెనే అడగండి” అనేవారు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్న ఒకామె, షావుకారు ఏమడిగినా జవాబు చెప్పకుండా “ఇంక దిగొచ్చునా అన్నా?” అని అడిగింది. ఆ మాట చెప్పుకుని నెలరోజులు నవ్వుకున్నాం.

అన్నిటికన్నా పెద్ద మర్యాద కిటికీది. షెడ్డుకు తూర్పున చిన్న చిన్న గళ్లున్న పాత కిటికీ ఒకటి, గాజులన్నీ పగిలిపోయి ఉండేది. నెలకొకసారి ఆయన అందరి పనీ చూసి, మచ్చలేని రేకు ఒకటి ఏరి, ఎండకెత్తి పట్టుకుని, “ఇది ఎవరిది?” అని అడిగేవారు. చేసినవాళ్ల పేరు దాని మూలన కత్తిమొనతో గీసి ఒక గడిలో బిగించేవారు. బిగించే సేపూ అందరం కత్తులు కింద పెట్టాలి. అంతే. దానికి ఆయన చేతినుంచి పైసా ఖర్చు లేదు. కానీ ఆ గడికోసం మేం ప్రాణాలు పెట్టేవాళ్లం. నాకు అక్షరాలు వచ్చింది ఆ కిటికీ దగ్గరే. ఏ రేకు ఎవరిదో తెలుసు గనుక, గీతల్ని బట్టి ఏ అక్షరం ఏమిటో పోల్చుకుంటూ నేర్చుకున్నాను.

నా పక్కన కూర్చునే చెంగమ్మక్క సముద్రపొడ్డున జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చింది. వలలల్లిన వేళ్లు ఆమెవి. వయసులో పెంచలయ్య గారికన్నా పెద్దది, ఆయన కూడా అక్కా అనే పిలిచేవారు. ఎన్నేళ్లుగానో పనిచేస్తున్నా ఆమె పేరు కిటికీకి ఎక్కలేదు. పైగా చూపు తగ్గిపోతోంది. “కళ్లు పూర్తిగా పొయ్యే లోపల ఒక్క రేకన్నా ఆడ పెట్టించుకోవాల రమణయ్యా” అనేది. ఆ కోరిక షెడ్డులో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

ఒకనాడు ఆమె మంచినీళ్లకు వెళ్లిన సమయంలో పెంచలయ్య గారు మా వరసకు వచ్చారు. మా ఇద్దరి మధ్యా ఉన్న తట్టలోంచి ఒక రేకు తీసి వెలుతురుకు ఎత్తారు. కన్నీటి పొరలాగా ఉంది. “ఇది ఎవరిదిరా?” అన్నారు. “నాదేనన్నా” అన్నాను. ఆలోచించి అనలేదు, నోటినుంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఆమె తిరిగొచ్చేసరికి కత్తులన్నీ కింద ఉన్నాయి, నా పేరు కిటికీలో ఉంది. ఆమె తట్టలో చేయిపెట్టి తడుముకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి ఆ రేకు అంచున బొటనవేలు ఆనించి కాసేపు నిలబడింది. వచ్చి కూర్చుని, “బాగా చేసినావురా రమణయ్యా” అంది.

మూడు నెలలకు చూపు పూర్తిగా పోయి ఆమె పనిలోకి రావడం మానేసింది. పెంచలయ్య గారు కిటికీ ముందు నిలబడి, “చెంగమ్మక్క పేరు ఈడ ఎక్కకుండానే పని మానేసింది. నాదే తప్పు, నేనే సరిగా చూడలేదు” అన్నారు. తప్పు ఆయన నెత్తిన వేసుకునేసరికి నేను ఆగలేకపోయాను. ఆ రేకు ఆమెదని అందరి ముందూ చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కిటికీలోంచి ఆ రేకు ఊడదీసి, గుడ్డలో చుట్టి, “పద. ఆమెకు నువ్వే చెప్పాల. నేను చెప్పను” అన్నారు.

చెంగమ్మక్క ఊరి చివర తన గుడిసె ముందు కూర్చుని ఉంది. నేను చెప్పాను.

“తెలుసు” అంది. “దాని అంచున చిన్న నొక్కు ఉండాది. నా వేలికి తెలవదా?”

“మరి నాకు ఒక మాట చెప్పకూడదా అక్కా?” అన్నారు పెంచలయ్య గారు.

“చూపు లేనిదాని మాట ఎవురు నమ్ముతారు? నువ్వు అడిగినావు, వాడు చెప్పినాడు. నేను వచ్చిందాకా ఆగినావా?”

ఆయన తలదించుకున్నారు. యజమాని తలదించుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ తరువాత ఆయన, అందరూ తమ చోట్లలో కూర్చుని ఉంటే తప్ప ఏ రేకూ ఎత్తి చూడలేదు.

ఆ రోజు ఆ గుడిసె ముందే ఆయన గుడ్డ విప్పి, ఆ రేకూ తన కత్తీ ఆమె చేతికిచ్చి, “పైపొర తీసెయ్యక్కా” అన్నారు. ఆమె మాకేసి చూడలేదు, చూసినా కనబడం. గోటితో అంచు వెతికి, కత్తిమొన దూర్చి, ఊపిరి బిగబట్టి లాగింది. నా పేరున్న పొర ఎక్కడా చిరగకుండా విడివడింది. అది నాకేసి చాచి, “ఇదో, నీ పేరు నువ్వు తీసుకో” అంది. కోపంగా కాదు, క్షమించినట్టూ కాదు. మిగిలిన రేకు మీద ఆయన ఆమె పేరు గీస్తే, దాని మీద వేలు నడిపి, “ఇదేనా నేను?” అని అడిగింది.

మరునాడు ఆ రేకు బిగించేటప్పుడు కత్తులు కింద పెట్టి అందరం లేచి నిలబడ్డాం. చెంగమ్మక్క ఆ ఎండాకాలం దాటలేదు. నాలుగైదేళ్లకు సరుకు అడిగేవాళ్లు తగ్గి షెడ్డు మూతపడింది, ఆ దిగులుతోనే పెంచలయ్య గారూ పోయారు. స్థలం కొన్నవాళ్లు గోడలు కూలగొడుతున్నారని తెలిసి నేను పరుగెత్తేసరికి కిటికీ మట్టిలో ఉంది. ఆ పేర్లన్నీ పలుగుల కింద పొడి అయిపోయాయి. చెంగమ్మక్క రేకు కోసం పొద్దుగూకేదాకా వెతికాను. దొరకలేదు.

నిలవకూడనిదొక్కటే నిలిచింది. ఆమె నా చేతిలో పెట్టిన పొర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. దాన్ని ఎండకెత్తితే నా పేరు కనబడుతుంది. ఆ పేరు తీసేయాలని ఎన్నోసార్లు కత్తి పట్టుకున్నాను. ఇంకొక్క పొర విడదీస్తే పోతుంది. అంత పల్చని రేకును చీల్చగల వేళ్లు నాకు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు.