హ్యాండిల్ కొలత

నిన్న మా వీధిలో తారు పోశారు. కిటికీలు మూసినా ఆ వాసన వంటగది దాకా వచ్చింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేడి తారు వాసన తగిలితే నాకు బహ్రెయిన్‌లోని సల్మాబాద్ కళ్ళ ముందుకొస్తుంది, దాని వెనకే గంగారాం అన్న వస్తాడు. ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు మా వైపు ఎక్కువమంది మిగల్లేదు. ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, నగిషీలు నాకు చేతకావు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

తొంభైల మొదట్లో నేను దుబాయి పోయాను. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే, నేను దిగింది బహ్రెయిన్‌లో అయినా సరే. రోడ్డు అంచుల్లో సూటిగా దారం కట్టి, దాని వెంట సిమెంటు దిమ్మెలు నిలబెట్టే పనిలో వేశారు. కర్బు రాళ్ళంటారు వాటిని. మా ముఠాకు మేస్త్రి గంగారాం అన్న. మాదీ ఆయనదీ ఒకే తాలూకా అని తెలిసి సంబరపడ్డాను కానీ ఆ సంబరం మొదటి రోజే దిగిపోయింది. నేను నిలబెట్టిన రాయిని కాలితో ఒక్క తన్ను తన్ని పడగొట్టాడు.

"రాయి దిక్కు ఏం జూస్తున్నవుర? దారం దిక్కు జూడు. దారం అబద్ధమాడది."

"సక్కగనే ఉన్నది గదనే!"

"నీ కండ్లకు ఉన్నది. రేపు దీని పక్కపొంటి పోయేటోని కండ్లకు ఉండాలె."

తిట్టడం ఆయనకు పని నేర్పే పద్ధతి. తిట్టాక అన్నం దగ్గర పిలిచి, తన డబ్బాలోని మామిడికాయ తొక్కు నా అన్నంలో వేసేవాడు. తిట్టని రోజు, కోపం వచ్చిందేమోనని మేము భయపడేవాళ్ళం.

రెండేళ్ళు గడిచాక ఒక తెల్లవారుజామున ఆయన సైకిల్ మీద డ్యూటీకి వెళుతుంటే లారీ రాసుకుపోయింది. నడుము విరిగింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. పైనంతా బాగానే ఉంది, కింద రెండు కాళ్ళలో ప్రాణం లేదు. ఇంటికి పంపేస్తారనే అందరం అనుకున్నాం. కంపెనీ మేనేజరు మాత్రం, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే స్టోరు చూసుకోమన్నాడు. ఒకటే షరతు. ఎవరి సాయం లేకుండా తనంతట తాను వచ్చి, వేళకు తాళం తీయాలి. సల్మాబాద్ గ్యారేజీల్లోని వెల్డర్లు పాత సైకిళ్ళు కోసి, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి చేసిచ్చారు. క్యాంపు నుంచి స్టోరు కిలోమీటరు దూరం. రోడ్డు పక్క ఇసుక అంచున ఆయన ఆ బండి తిప్పుకుంటూ వెళ్ళేవాడు. లారీ వస్తే ఇసుకలోకి దిగి ఆగేవాడు.

"ఇంటికి పోరాదే అన్నా, ఇంత గోస ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"పోయి? మా ఆమె బీడీలు జేస్తది, ఆ చాట ముంగట నేను కూసోవాల్నా? ఈడ తాళంచెవి నా మొలకున్నది. ఇది ఉన్నన్ని రోజులు నేను మేస్త్రినే."

ఆ తాళంచెవి నిలబడుతుందా లేదా, ఆయన బతుకంతా దాని మీదే ఉండేది. అది మాకందరికీ తెలుసు. అందుకే ఆయన కాళ్ళ సంగతి క్యాంపులో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఒకరి లోపం మొహం మీద అనకూడదని మా అమ్మలు నేర్పిన మర్యాద. "నడువు అన్నా, చాయ్ తాగుదాం" అనేవాళ్ళం, ఆయనా "నడువుండ్రి" అనేవాడు. అట్లా మాట్లాడితే ఆయన మొహం విప్పారేది. అదే గౌరవమనుకున్నాం.

మరుసటి చలికాలంలో అదే రోడ్డు మీద మా క్యాంపులోని నర్సయ్యను లారీ కొట్టింది. సైకిల్ మీద వర్క్‌షాపుకు పోతున్న మనిషి, అక్కడికక్కడే పోయాడు. శవం ఊరికి వెళ్ళిన మర్నాడు గంగారాం అన్న బండి తిప్పుకుంటూ మేనేజరు గది ముందుకు వెళ్ళి కూర్చున్నాడు. లోపలికి పిలిచేదాకా కదలలేదు. తన వచ్చీరాని హిందీలో ఏం చెప్పాడో గానీ, రోడ్డుకూ క్యాంపు ప్రహరీకీ నడుమ ఉన్న ఇసుక అంచులో సైకిళ్ళకు వేరే దారి వేయడానికి ఒప్పించాడు. రోడ్డు వైపు ఎత్తయిన కర్బు, ఇటు ప్రహరీ, నడుమ సైకిల్ దారి. పని మా ముఠాదే. దగ్గరుండి చేయించింది ఆయనే.

ఆ పని మేము పెళ్ళిపందిరి వేసినట్టు వేశాం. లారీ చక్రం ఎక్కకుండా మామూలు కంటే ఎత్తు రాళ్ళు తెప్పించాడు. దారి ఎంత వెడల్పు ఉండాలని మలయాళీ ఇంజినీరును అడిగితే, "సైకిల్ సంగతి నాకంటే మీకే తెలుసు, పికప్ వ్యాన్లు మాత్రం దూరకూడదు" అన్నాడు. మా ముఠాలోని పోశెట్టి తన సైకిల్ తెచ్చి నిలబెట్టాడు. హ్యాండిల్‌కు అటొక పిడికిలి, ఇటొక పిడికిలి వదిలి నేను గుర్తు పెట్టాను.

"ఇంత సాలునా అన్నా?"

గంగారాం అన్న బండిలోంచి వంగి, ఒక కన్ను మూసి చూశాడు. "సాలు. ఎక్కువ ఇడిస్తె పికప్పోడు మూతి వెడతడు. కొట్టుండ్రి దారం!"

కొట్టాం. రాళ్ళు నిలిపాం. ఆ వెంటనే రోడ్డు వాళ్ళు వచ్చి కర్బును ఆనించి కొత్త తారు పోశారు. ఆ వేడి వాసనలో అందరం నిలబడి చాయ్ తాగాం. నర్సయ్య పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టాం.

మర్నాడు పొద్దున సైకిళ్ళన్నీ వరసగట్టాయి. ముందు ఆయనే పోవాలన్నాం. బండి తిప్పుకుంటూ వచ్చి మొదట్లోకి దూర్చాడు. ముందు చక్రం వెళ్ళింది. వెనక ఇరుసు వెళ్ళలేదు. ఒక చక్రం ప్రహరీకి, ఒక చక్రం కర్బుకు తగులుకుంది. వెనక్కి లాగి మళ్ళీ దూర్చాడు. ఇనుము రాయికి గీసుకున్న చప్పుడు. మా కాళ్ళు పెడల్ మీద అట్లాగే ఉండిపోయాయి.

ఆయనే నవ్వాడు. "మేస్త్రి నేనే, సాలన్నది నేనే. మీ మొఖాలు ఎందుకు అట్ల వెట్టిన్రు? యల్లా, డ్యూటీకి పోండ్రి." బండి వెనక్కి తీసి, మాకు దారిచ్చాడు.

ఇసుక అంచు ఇప్పుడు లేదు. అదే సైకిల్ దారయింది. ఆయనకు మిగిలింది కర్బు అవతల, లారీలు నడిచే తారు రోడ్డు. రాళ్ళు జానెడు అవతలికి జరపనివ్వమని ఇంజినీరును బతిమాలాం. తారు పడకముందైతే ఒక పూట పని అన్నాడు, ఇప్పుడు రోడ్డు పగలగొట్టే హక్కు కంపెనీకి లేదన్నాడు. ఆ సాయంత్రం క్యాంపులో పెద్ద గొడవ.

"కర్బు పీకేద్దాం. ఈ దారి అడిగి తెచ్చిందే ఆయన," అన్నాను నేను.

"పీకి? ఇంకో నర్సయ్యను జూద్దామా?" అని ఒకడు లేచాడు. "ఒక్కని బండి కోసం అందరి పాణాలా?"

"ఆ ఒక్కడు లేకుంటె నీకీ దారి ఏడిదిరా?"

పోశెట్టి తల దించుకుని అన్నాడు: "కొలిచేటప్పుడు నాకు అనిపిచ్చిందే. అన్న బండి పడుతదా అని. గని ఎట్లడుగుత? కాళ్ళ సంగతి ఎత్తినట్టయితదని ఊకున్న." ఇంకొకతను కూడా "నాకు సుత," అన్నాడు. నాకైతే ఆ ఆలోచనే రాలేదు. నా మనసులో ఆయన ఇంకా సైకిల్ మీదే ఉన్నాడు. ఆయన మనసులో కూడా అంతే అయ్యుంటుంది.

మంచం మీద నుంచి గంగారాం అన్న గొంతు వినిపించింది. "కర్బు మీద చెయ్యేసినోని చెయ్యి ఇరగ్గొడత. పండుండ్రి."

కొన్నాళ్ళు మేము ఆయనను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాం. పాదాలు చువ్వల్లో పడకుండా తువ్వాలుతో కట్టేవాళ్ళం. ఆయన మమ్మల్ని తిట్టడం మానేశాడు. తర్వాత ఓవర్‌టైం వచ్చింది, మా వేళలు మారాయి. కొన్ని పొద్దులు ఆయన గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉండిపోయాడు. స్టోరు ఆలస్యంగా తెరిస్తే మేనేజరు ఒకసారి ఊరుకున్నాడు, రెండోసారి షరతు గుర్తు చేశాడు.

ఆ మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆయన బండి తీసి తారు రోడ్డెక్కాడు. వెనక నుంచి లారీ వచ్చింది. మునుపైతే ఇసుకలోకి దిగేవాడు. ఇప్పుడు పక్కన ఎత్తుగా, సూటిగా, తను నిలబెట్టించిన కర్బు ఉంది. నేను అప్పుడు లోపలి దారిలో సైకిల్ మీద వస్తున్నాను. రాళ్ళకు అటువైపు ఆయన, ఇటువైపు నేను. లారీ డ్రైవర్ పాపం బ్రేక్ వేశాడు. అయినా బండి వెనక చక్రం నలిగిపోయింది. కర్బు మీది నుంచి చేతులు చాపి ఆయనను నా వైపు లాక్కున్నాను. దెబ్బలు పెద్దగా లేవు. నా మెడ పట్టుకుని, నలిగిన చక్రం వంక చూస్తూ, "ఖలాస్" అన్నాడు. మధ్యాహ్నం తాళంచెవి తనే మేనేజరుకు పంపేశాడు.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే రోజు క్యాంపు గేటు దగ్గర వ్యాన్ కోసం చూస్తూ ఇద్దరమే కూర్చున్నాం. సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆ దారిలో పోతున్నాయి. అది వేశాక అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"మంచిగ వేసినం రా," అన్నాడు.

నాకు ఆగలేదు. "అన్నా, కొలిచిన్నాడు ఎవ్వరం అడగకపోతిమి. నువ్వు బాధపడతవని..."

"అడిగితె తిడుతుంటి."

"గందుకే గదనే..."

"తిట్టు తింటె ఏమైతుండెర?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఒక్క తిట్టు. తిట్టి, అవతలికి జరపమందును గద."

వ్యాన్ వచ్చింది. డ్రైవరూ నేనూ పట్టి ఎక్కించాం. నేను సెలవు మీద ఊరికి వచ్చేలోపే ఆయన పోయాడు. ఇంట్లో గుమ్మం దాటి బయటికి రాలేదట. మంచంలో పడ్డ పుండ్లే తీసుకుపోయాయని, బీడీల చాట పక్కకు పెట్టి ఆయన భార్య చెప్పింది.

నన్ను మొరటువాడంటారు మా వాళ్ళు. అంటే అననీ. ఆ తర్వాత చాలా ఏళ్ళు బహ్రెయిన్‌లో పనిచేశాను, మేస్త్రినయ్యాను. ఇక్కడికొచ్చీ చిన్నా చితకా పనులు చూస్తున్నాను. దారం కొట్టే ముందు ఎవరికి ఏది చేతకాదో మొహం మీదే అడుగుతాను. కన్ను ఆననివాణ్ణి కన్ను సంగతి, కాలు రానివాణ్ణి కాలు సంగతి. గొంతు తగ్గించి అడగను, జాలిగా అసలే అడగను. అడిగి తిన్న తిట్లు చాలా ఉన్నాయి.

మొన్న మా పక్కింటివాళ్ళు కొత్త గేటు పెట్టిస్తున్నారు. వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో ఉంటుంది. పిల్లర్లకు గుంతలు తీస్తుంటే గోడ మీది నుంచి అడిగాను: "అమ్మ ఇక నడవదు కదా, కుర్చీ ఇందులో పడుతుందా?" కొడుకు మొహం ఎర్రబడింది. "పొద్దున్నే ఏం మాటలండీ అవి? మా అమ్మ లేచి తిరుగుతుంది. పెద్దమనిషి అయ్యుండి, నోటికి అడ్డూ అదుపూ లేదా?" అని ఇంకా ఏవేవో అన్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడి అన్నీ విన్నాను.

అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు లోపలి నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

"గుంతలు తీసేవాళ్ళను కాసేపు ఆపమనయ్యా. కుర్చీ తీసుకొస్తున్నా."